గుమ్మం దగ్గర ఆగిన మాట

క్రైస్ట్‌చర్చ్‌లోని రిక్కార్టన్ పేటలో రాజ్యమ్మ ఉన్న ఇంట్లోంచి ఎవరూ తిన్నగా బయటికి వెళ్ళలేరు. చెప్పులేసుకున్నాక ఆవిడ ఒకసారి ఎగాదిగా చూడాలి. ఎదురుగా ఎవరైనా వస్తున్నారేమో కిటికీలోంచి తొంగిచూడాలి. ఈలోగా ఇంట్లో ఎవరైనా తుమ్మారా, అంతే సంగతులు. వెనక్కి వచ్చి కూర్చుని గ్లాసుడు మంచినీళ్ళు తాగి, కాసేపాగి మళ్ళీ లేవాలి. ఈ తుమ్ముల ధర్మమా అని మనవరాలు అక్షయకి ఒక్క ఏడాదిలో పదకొండుసార్లు స్కూలు బస్సు తప్పిపోయింది. ఆ పదకొండులో నాలుగు, లెక్కల పరీక్ష రోజుల్లో అక్షయ కావాలని తుమ్మినవి.

ఒకసారి ఇల్లు అమ్ముతారా అని అడగడానికి ఒక ఏజెంటు వచ్చాడు. టై కట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ వచ్చాడు. లేదని చెబితే సరేనని వెళ్ళబోతూ గుమ్మంలో తుమ్మాడు. రాజ్యమ్మ అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి సోఫాలో కూలేసి మంచినీళ్ళిచ్చింది. బేరం కుదిరిందనుకున్నాడు పాపం. అరగంట కూర్చుని రెండు జంతికలు తిని, ఇంటి కాగితాలు ఎప్పుడు తెమ్మంటారని అడిగాడు.

ఇవన్నీ చిన్న నియమాలు. ఇంటికి మూలస్తంభం లాంటి నియమం ఒకటుంది. బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి’ అని అడగకూడదు. అడగడమే కాదు, వెళ్ళేవాళ్ళు గుమ్మంలో నిలబడి తమంతట తాము చెప్పనూ కూడదు. ‘వెళ్ళొస్తా’ అనాలి, వెళ్ళాలి, రావాలి. మిగతా కబుర్లన్నీ వచ్చాకే.

ఆ నియమం ఆవిడకి ఊరికే పట్టుబడలేదు. దివిసీమలో ఉప్పెన వచ్చిననాటికి రాజ్యమ్మకి ఇరవై నాలుగేళ్ళు. భర్త కృష్ణారావు సహకార సంఘంలో గుమాస్తా. ఆ రోజు పొద్దుట్నించీ గాలి ఈడ్చి కొడుతోంది. ఆయన సైకిలు బయటికి తీస్తుంటే, ఏడాది కుసుమని చంకనేసుకుని వెనకనించి అడిగింది రాజ్యమ్మ: “ఈ గాలిలో ఎక్కడికండీ?” ఆయన తల తిప్పకుండానే “వచ్చాక చెప్తాలే” అన్నాడు. సాయంత్రానికి సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఆయన రాలేదు.

వేలమందిని తీసుకుపోయిన ఆ నీటికి, తన నోట్లోంచి వచ్చిన ఆ ఒక్క ప్రశ్నకి సంబంధం ఉందని ఆవిడ గట్టి నమ్మకం. “అయితే అంత పెద్ద సైక్లోన్‌కి రీజన్ నువ్వేనా అమ్మమ్మా?” అని అక్షయ ఒకసారి వెక్కిరించింది. దేనికైనా ఎదురు వెక్కిరించే మనిషి, ఆ రోజు లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది. అక్షయ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ చంకలోని కుసుమ పెద్దదై, కంప్యూటర్లు చదివి, మొగుడితో కలిసి క్రైస్ట్‌చర్చ్‌లో స్థిరపడింది. భూకంపం వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు తల్లిని తెచ్చుకుంది. రాజ్యమ్మ రెండు సూట్‌కేసుల నిండా చింతపండు, ఎండుమిరపకాయలు, ఈ నియమాలూ తెచ్చుకుంది. విమానాశ్రయంలో మొదటి రెండూ పట్టుకున్నారు. మూడోది ఎవరికీ కనబడలేదు.

ఇంటి వెనకాల విడిగా ఒక గది ఉండేది. అందులోకి 2014లో మహేంద్ర అద్దెకి దిగాడు. చీరాల కుర్రాడు. తండ్రి లేడు. తల్లి విజయలక్ష్మి జాకెట్లు కుట్టి పెంచింది. యూనివర్సిటీలో నదుల గురించీ నీళ్ళ గురించీ ఏదో పెద్ద చదువు. సన్నగా, పొడుగ్గా, మాటల పుట్టలా ఉండేవాడు. ఏదైనా చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఎవరాపినా మళ్ళీ మొదటికి వెళ్ళి చెప్పేవాడు. సముద్రం ఒడ్డున పుట్టినవాడికి ఇక్కడి కొండలు చూసేసరికి పిచ్చెక్కింది. యూనివర్సిటీలో కొండలెక్కేవాళ్ళ సంఘంలో చేరాడు. శనివారం వస్తే మూపున సంచీ, కాళ్ళకి బూట్లు.

ఆ సంఘంవాళ్ళు అతనికి మొట్టమొదట నేర్పిన పాఠం ఒకటే. కొండల్లోకి వెళ్ళేముందు ఎక్కడికి వెళ్తున్నావో, ఎవరితోనో, ఎప్పటికి వస్తావో ఒక మనిషికి చెప్పి వెళ్ళు. పాఠం విని వచ్చిన రోజే మహేంద్ర ఒక తెల్లబోర్డు కొనుక్కొచ్చి కుసుమావాళ్ళ ఫ్రిజ్‌కి అంటించాడు. మూడు గళ్ళు గీశాడు. ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తా. మర్నాడు పొద్దున్న చూస్తే గళ్ళు లేవు. రాజ్యమ్మ తడిగుడ్డతో తుడిచేసి, ‘కందిపప్పు, కొత్తిమీర, గుడ్లు పన్నెండు’ అని రాసుకుంది.

“అమ్మమ్మగారూ, ఇది ఇక్కడి పద్ధతండీ. చెప్పకుండా వెళ్తే రేపేదైనా అయితే ఎక్కడని వెతుకుతారు?”

“వెతకడమేంట్రా వెతకడం! శుభమా అని బయల్దేరుతూ వెతకడాల మాటేంటి? పోయి నోరు పుక్కిలించి రా.”

“నోరు పుక్కిలిస్తే హెలికాప్టర్ వస్తుందాండీ?”

“అట్లకాడ వస్తుంది. దగ్గరికి రా, చెప్తాను.”

వారం రోజులు వాదులాడుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ముందుగా ఏ గురువారమో చెప్పుకుంటే దోషం లేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆ మాట రాకూడదు. అందుకని మహేంద్ర గురువారంనాడు తన స్నేహితుడు లోకేశ్‌కి చెప్పడం మొదలుపెట్టాడు. లోకేశ్ సూపర్‌మార్కెట్లో రాత్రి డ్యూటీ చేసేవాడు. ఫలానా లోయ, ఫలానా హట్‌లో రాత్రి పడక, ఆదివారం సాయంత్రం బస్సుకి వస్తా అని అతనికి చెప్పేసి, శనివారం ‘వెళ్ళొస్తానండీ’ అని రాజ్యమ్మకి దణ్ణం పెట్టి వెళ్ళేవాడు. ఏడాదిపైన బాగానే సాగింది.

కొండదారుల కబుర్లంటే రాజ్యమ్మకి ఇష్టం లేదనుకుంటే పొరపాటే. శుక్రవారం సాయంత్రమైతే మహేంద్ర లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లో బల్ల దగ్గర చేరేవాడు. ఆర్థర్స్ పాస్ అనే కనుమ వైపు దారులెలా ఉన్నాయో అటవీశాఖవాళ్ళు పెట్టే ప్రకటనలు ఒక్కొక్కటీ తెలుగులో చదివి వినిపించేవాడు. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పంచాంగం విన్నంత శ్రద్ధగా వినేది.

“హాగన్ లోయ. రెండో వంతెన దాటాక పైనుంచి రాళ్ళు పడుతున్నాయి. అక్కడ ఆగకుండా నడవండి.”

“వర్జ్యం.”

“మూడు వేల అడుగుల పైన మంచు గట్టిపడింది. గొడ్డలీ, బూట్లకి ముళ్ళూ లేకపోతే వెళ్ళొద్దు.”

“దుర్ముహూర్తం.”

“క్లారా వాగు. వంతెన లేదు. వానపడితే గంటలో పొంగుతుంది. దాటొద్దు. నీళ్ళు తగ్గేదాకా ఒడ్డునే ఆగండి.”

రాజ్యమ్మ చేతులు ఆపింది. “ఇది రాసినవాడెవడో నీటి సంగతి తెలిసినవాడురా. బుద్ధిమంతుడు. వాడి మాట విను.”

“వింటానండీ. మీ మాట కూడా వింటున్నానుగా.”

2015 మే నెల అది, ఇక్కడ చలికాలం మొదలు. చెట్ల ఆకులన్నీ రాలి, పొద్దున్నే కార్ల అద్దాల మీద మంచు గీకుకోవాల్సిన రోజులు. ఆ గురువారం మహేంద్ర, ఈసారి హాగన్ లోయకి, ఆదివారం వచ్చేస్తా అని లోకేశ్‌కి చెప్పాడు. లోకేశ్ కూడా రావలసింది. ఆఖరి నిమిషంలో అతనికి డ్యూటీ పడింది.

శనివారం పొద్దున్న ఇంట్లో రాజ్యమ్మ ఒక్కతే ఉంది. అక్షయని నెట్‌బాల్ ఆటకి తీసుకుని కుసుమా అల్లుడూ వెళ్ళారు. రాజ్యమ్మ స్టీలు డబ్బాలో పులిహోర పెడుతోంది. చింతపండు పులిహోర, రెండు రోజులైనా పాడవనిది. మహేంద్ర ఫోన్ చూస్తూ వంటింట్లోకి వచ్చి ఆగిపోయాడు.

“అరె, హాగన్ లోయ మూసేశారండీ. రాత్రి వానకి కొండచరియ జారిందట. ఎవరూ వెళ్ళొద్దని ఇప్పుడే పెట్టారు.”

“మంచిపని చేశారు. అయితే ఇంట్లో పడుకో.”

“పులిహోర చేశాక పడుకోవడమేంటండీ, మహాపాపం!” అని బల్ల మీద మ్యాపు పరిచి, వేలితో ఏదో దారి వెతుక్కుంటూ ఐదు నిమిషాలు కూర్చున్నాడు. తరవాత మ్యాపు మడిచి సంచీలో పెట్టుకున్నాడు. బూట్లు కట్టుకున్నాడు. నారింజరంగు వానకోటు తొడుక్కున్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగాడు.

“అమ్మమ్మగారూ, ఆ దారి మూసేశారు కదా, అందుకని ఈసారి–”

రాజ్యమ్మ అరచెయ్యి అడ్డంపెట్టింది. “బయల్దేరేవాడివి, ఇప్పుడేం చెప్పకు. వచ్చాక చెబుదువుగాని.”

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట సైకిలు తీస్తున్న భర్త దగ్గర తను విన్న మాటే తన నోట వచ్చిందని ఆ క్షణాన ఆవిడకి తోచలేదు.

ఎవరు ఆపినా మళ్ళీ మొదటికి వెళ్ళి చెప్పే పిల్లాడు, ఆ ఒక్కరోజూ ఆవిడ మాట మన్నించాడు. రెండు చేతులూ జోడించి నాటకంలో భటుడిలా వంగాడు. “చిత్తం. వెళ్ళొస్తానండీ.”

ఆ పొద్దున్న ఎవరూ తుమ్మలేదు. తుమ్మే మనిషి నెట్‌బాల్ ఆడుతోంది.

మహేంద్రకి కారు లేదు. పాస్ దగ్గర చిన్న ఊరుంటే, అక్కడిదాకా బస్సులో వెళ్ళాడు. కొత్త దారి సంగతి లోకేశ్‌కి దారిలో మెసేజ్ పెడదామనుకున్నాడేమో. కొండలు మొదలయ్యాక ఆ రోడ్డు మీద ఫోన్లు పలకవు. ఊళ్ళో దిగి, కొత్త దారి వైపు వెళ్ళే ఎవరి కారో ఎక్కి వెళ్ళాడు. ఆ కారు ఎవరిదో ఈరోజు దాకా తెలీదు.

ఆదివారం సాయంత్రం బస్సుకి రాలేదు. రాజ్యమ్మ అన్నం గిన్నె మీద మూతపెట్టి, దాని మీద బరువు పెట్టింది. సోమవారం పొద్దున్న లోకేశ్ పోలీసులకి ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి ఒక పోలీసామె ఇంటికి వచ్చింది. ఎర్రజుట్టు మనిషి, మెల్లగా మాట్లాడింది. హాగన్ లోయకి వెళ్తానన్నాడని లోకేశ్ చెప్పాడు. బస్సు డ్రైవరు కూడా ఆ ఊళ్ళోనే దింపానన్నాడు. లోయకి దారి ఆ ఊరి చివరే. అంతా సరిపోయింది.

“మీ అమ్మగారితో ఏమైనా చెప్పాడా?” అని అడిగింది పోలీసామె.

కుసుమ తల్లివైపు తిరగనైనా తిరగలేదు. “మా అమ్మకి ఈ దారుల సంగతి తెలీదు. ఇంగ్లీషు కూడా రాదు” అని చెప్పేసింది.

రాజ్యమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి టీకప్పులు తుడుస్తోంది. ‘హాగన్’ అన్న మాట ఆవిడకి అర్థమైంది. వాడు అక్కడికి వెళ్ళలేదని ఆ ఇంట్లో ఆవిడకొక్కదానికే తెలుసు. మరెక్కడికో తెలీదు. తెలీకపోవడానికి కారణం తనే. ఇప్పుడు నోరు తెరిస్తే, ఎక్కడికో చెప్పబోతుంటే ఎందుకు ఆపావంటారు. అదీకాక, పిల్లాడు ఇంకా రాలేదని నోటితో అనడమే కీడు అనుకుంది. సాయంత్రానికి వస్తాడు, వచ్చాక వాడే చెప్తాడు అనుకుంది. తుడిచిన కప్పులనే మళ్ళీ తుడిచింది.

సోమవారమంతా హెలికాప్టర్ హాగన్ లోయ మీద తిరిగింది. మనుషులు జారిపడిన మట్టిలో కర్రలు గుచ్చి చూశారు.

మంగళవారం పొద్దున్న కుసుమ ఫోన్లో వార్త చదువుతోంది. ‘మూసిన దారిలోకి వెళ్ళిన విదేశీ విద్యార్థి’ అని రాశారు. కింద జనం తలొక మాటా అంటున్నారు. కుసుమ మొగుడికి తెలుగులో చెప్పింది: “చూడండి, ఎలా రాస్తున్నారో. అంత పెద్ద బోర్డు పెట్టినా చదువుకోలేడా, ఇలాంటివాళ్ళ కోసం మావాళ్ళు ప్రాణాలమీదికి తెచ్చుకోవాలా అని.”

“చదివాడు!” అని అరిచింది రాజ్యమ్మ.

అందరూ ఉలిక్కిపడ్డారు.

“చదివాడే! ఇక్కడే, ఈ బల్ల దగ్గరే నిలబడి నాకే చదివి వినిపించాడు. మూసేశారని చెప్పాడు. వాడు అక్కడికి పోలేదు. చెప్పిన మాట వినే పిల్లాడు వాడు. అందుకని ఈసారి, అని ఎక్కడికో చెప్పబోయాడు. నేనే నోరు మూయించాను.”

కుసుమ కుర్చీలోంచి లేచింది. “నిన్న చెప్పలేదేమే అమ్మా?”

జవాబు కోసం కుసుమ ఆగలేదు. అప్పటికే పోలీసులకి ఫోన్ కలుపుతోంది.

చుట్టుపక్కల లోయలన్నీ వెతకడం మొదలుపెట్టారు. బుధవారం పొద్దున్న క్లారా వాగు పక్కన నారింజరంగు కనబడింది. పైనుంచి చూసేవాళ్ళకి కనబడేలా వానకోటు విప్పి రాళ్ళ మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాడు. వాగు దాటలేదు. ఒడ్డునే ఆగాడు. ఆగినచోట తడి బండ మీద కాలు జారి, తొడ ఎముక విరిగింది. సోమవారం రాత్రి దాకా బతికే ఉన్నాడని డాక్టర్లు చెప్పారు. మంగళవారం ఇంకా తెల్లవారకముందే చలికి పోయాడు.

సోమవారం మధ్యాహ్నానికీ సోమవారం రాత్రికీ మధ్య ఎన్ని గంటలో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అక్షయ ఒక్కర్తీ వేళ్ళు మడిచి చూసుకుని, చెయ్యి వెనక్కి దాచుకుంది.

తరవాత పోలీసామె అతని సంచీ తెచ్చి ఇచ్చింది. అందులో రాజ్యమ్మ స్టీలు డబ్బా ఉంది. మూత తీస్తే, ఒక మూల గుప్పెడు పులిహోర మిగిలి ఉంది. చెంచాతో గీతగీసి వేరుచేసినట్టు, అంచు తిన్నగా ఉంది. రోజుకింత అని భాగాలు పెట్టుకుని తిన్నాడు. ఎవరో వస్తారని నమ్మకంగా, వచ్చేదాకా సరిపెట్టుకోవాలని. రాజ్యమ్మ ఆ డబ్బా తోమడానికి ఎవరికీ ఇవ్వలేదు. తనూ తోమలేదు. అల్లుడు వారం తరవాత ఆవిడ చూడకుండా తీసి పెరట్లో పాతిపెట్టాడు. ఆవిడ చూస్తూనే ఉంది.

దేహాన్ని చీరాల పంపించారు. ఫోన్లో విజయలక్ష్మికి కుసుమ ఒకటే మాట చెప్పింది: “తొందరలో వెళ్ళాడక్కా, ఎవరికీ చెప్పడం కుదరలేదు.” గుమ్మం దగ్గర మాట ఇంటి గుమ్మం దాటకూడదని కుసుమా అల్లుడూ అనుకున్నారు. రాజ్యమ్మ కాదనలేదు. ఔననలేదు.

ఆ తరవాత ఆవిడ అక్షయ పాత స్కూలు నోటుపుస్తకం ఒకటి తీసుకుంది. స్కేలు పెట్టి ప్రతి పేజీలో గళ్ళు గీసింది. పేరు, ఎక్కడికి, ఎప్పుడొస్తారు, వచ్చారా. తుమ్ముల సంగతే మరిచిపోయింది. ఎవరైనా చెప్పులేసుకుంటే చాలు, పుస్తకంతో అడ్డం నిలబడేది.

“ఎక్కడికే?”

“అమ్మమ్మా, మూల మీది డెయిరీ కొట్టుకి. పాలకి. అదిగో, ఇక్కణ్ణించే కనబడుతోంది.”

“ఎవరితో?”

“పాలతో వస్తా.”

“వేషాలెయ్యకు. ఎన్ని నిమిషాలు?”

శనివారాలు రిక్కార్టన్‌లో ఇండియన్ కొట్టుకి వెళ్ళి బియ్యం బస్తాల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేది. మూపున సంచీతో కనబడిన ప్రతి తెలుగు కుర్రాణ్ణీ ఆపేది. “ఎక్కడికి బాబూ? దారి తెరిచే ఉందా? ఇవాళ చూశావా, నిన్నటిది చూశావా?” కొందరు నవ్వేవాళ్ళు. “ఆంటీ, నేను హెయిర్‌కట్‌కి” అన్నాడొకడు. అదీ రాసుకుంది. సాయంత్రం ఫోన్ చేసి, క్రాఫు అయిందా అని అడిగింది.

మరుసటి మార్చిలో విజయలక్ష్మి వచ్చింది. కొడుకు పోయిన చోటు చూడాలని, ఊళ్ళో వాళ్ళూ యూనివర్సిటీవాళ్ళూ సాయంచేస్తే, నాలుగు రోజులకి వచ్చింది. వెనక గదిలోనే, కొడుకు మంచం మీదే పడుకుంది. రాజ్యమ్మని పిన్నిగారూ అంది. వండినవన్నీ తింది. “మావాడు ఫోన్ చేసినప్పుడల్లా మీ చేతి వంట గురించే పిన్నిగారూ. నాకు కుళ్ళు పుట్టేది” అంది. రాజ్యమ్మ ఇంకో గరిటెడు కూర వడ్డించి, లేచి వెళ్ళిపోయింది.

రెండోరోజు అందరూ కార్లో క్లారా వాగు దగ్గరికి వెళ్ళారు. ఎండ కాస్తోంది. వాగులో మోకాలు లోతు నీళ్ళు, అద్దంలా. ఈ నీళ్ళేనా అన్నట్టు విజయలక్ష్మి వాటివైపు చూసింది. దారి మొదట్లో ఆకుపచ్చ రంగు బోర్డుంది. దానికి ఆ వారం ప్రకటన అంటించి ఉంది.

“ఏం రాశారమ్మా అందులో?” అని అక్షయని అడిగింది.

అక్షయ తెలుగు మాటలు వెతుక్కుంటూ వేలుపెట్టి చదివింది. “ట్రాక్ తెరిచి ఉంది. చెట్లు పడినవి తీసేశారు. వాన పడితే, వాగు దాటొద్దు. నీళ్ళు తగ్గేదాకా ఆగండి.” ఆఖరి గీత దగ్గర ఆగింది. అమ్మమ్మ వైపు చూసింది. ఆగకుండా చదివెయ్యమన్నట్టు రాజ్యమ్మ తలూపింది. “మీరు ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో, ఎవరికైనా చెప్పి వెళ్ళండి.”

విజయలక్ష్మి బోర్డునే చూస్తూ ఉండిపోయింది. “వాడు ఇది చదివే ఉంటాడు. మరి, చెప్పలేదా ఎవరికీ?”

కుసుమ గబగబా అందుకుంది. “అదేనక్కా, తొందరలో–”

“చెప్పబోయాడమ్మా,” అంది రాజ్యమ్మ.

“అమ్మా!”

“నువ్వుండవే. చెప్పబోయాడు విజయా. గుమ్మంలో నిలబడి నాకే చెప్పబోయాడు. బయల్దేరేటప్పుడు చెప్పకూడదని నేను చెయ్యి అడ్డంపెట్టాను. వచ్చాక చెబుదువుగాని అన్నాను. సరేనన్నాడు.” అంతటితో ఆపెయ్యచ్చు. ఆపలేదు. “పోలీసులొచ్చినప్పుడైనా చెప్పలేదు. ఒక రోజంతా నోరు కుట్టుకుని కూచున్నాను. ఆ రోజు వాడు బతికే ఉన్నాడు.”

విజయలక్ష్మి తిట్టలేదు. ఏడవనూ లేదు. వాగు ఒడ్డుకి వెళ్ళి రాళ్ళ మీద చాలాసేపు కూర్చుంది. తిరిగి వచ్చాక, ఎవరి మొహమూ చూడకుండా అంది:

“వాడికి మాట పూర్తిచేసే అలవాటు పిన్నిగారూ. చిన్నప్పట్నించీ. మధ్యలో ఆపితే మళ్ళీ మొదట్నించీ చెప్పేవాడు. విసుక్కునేదాన్ని.”

ఆ పూట విజయలక్ష్మి అన్నం తినలేదు. మర్నాడూ తినలేదు. రాజ్యమ్మ కంచంలో వడ్డించి మూతపెట్టి గది బయట పెట్టేది. మూత తియ్యని కంచం తెచ్చుకునేది. కుసుమ ఒక అరటిపండు ఇస్తే మాత్రం తీసుకుంది.

వెళ్ళే రోజు వచ్చింది. అల్లుడు సూట్‌కేసు కార్లో పెట్టాడు. విజయలక్ష్మి కుసుమని కావలించుకుంది. అక్షయ తల నిమిరింది. రాజ్యమ్మ తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఆవిడ వైపు చూడకుండానే విజయలక్ష్మి గుమ్మం దాటబోయింది.

“ఎక్కడికమ్మా?” అంది రాజ్యమ్మ.

అందరూ తిరిగి చూశారు. ఎక్కడికేమిటి? కార్లో సామాను, చేతిలో టిక్కెట్టు. పోయిన మనిషి తల్లిని గుమ్మంలో నిలబెట్టి ఆవిడ వెనకనించి అడుగుతోంది. చేతిలో ఆ నోటుపుస్తకం, పెన్సిలు.

“ఎక్కడికి వెళ్తున్నావు? ఎప్పటికి చేరతావు?”

విజయలక్ష్మి వెనక్కి తిరిగింది. తెరిచి ఉన్న పుస్తకం మీద చూపు పడింది. అది మొదటి పేజీ. అందులో ఒకే ఒక్క వరస, గుండ్రటి తెలుగు అక్షరాల్లో. మహేంద్ర. క్లారా వాగు. ఆదివారం సాయంత్రం బస్సుకి. నాలుగో గడి ఖాళీ. దాని కింద పేజీ అంతా తెల్లగా ఉంది. మిగతావాళ్ళందరూ రెండో పేజీనించి.

ఆమె చాలాసేపు ఆ వరసే చూసింది. తరవాత, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పింది.

“ఇక్కణ్ణించి ఎయిర్‌పోర్టుకి. అక్కణ్ణించి సింగపూర్. అక్కణ్ణించి చెన్నై. మా తమ్ముడొస్తాడు, వాడితో రైల్లో చీరాల. రేపు సాయంత్రం ఏడింటికల్లా ఇంట్లో ఉంటాను.”

రాజ్యమ్మ పేజీ తిప్పబోయింది. విజయలక్ష్మి చెయ్యి అడ్డంపెట్టింది. “ఇక్కడే రాయండి,” అంది. “వాడి కిందే.”

రాజ్యమ్మ రాసుకుంది. పూర్తయ్యేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. అప్పుడు వెళ్ళింది. వెళ్ళొస్తానని మాత్రం అనలేదు.

చీరాలలో సాయంత్రం ఏడు గంటలంటే ఇక్కడ మర్నాడు తెల్లవారుజాము రెండున్నర. అమ్మమ్మకి ఆ తేడా నేర్పింది అక్షయే. పొద్దున్న లేచి చూస్తే ఆవిడ ఫోన్ పక్కన కుర్చీలో, దువ్విన తలతో, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇక్కడే ఏడు దాటింది, చెప్పిన వేళ దాటి నాలుగు గంటలపైనే. అక్షయ బస్సుకి ఇంకా టైముంది. ముక్కులో గడ్డిపోచ పెట్టుకునైనా తుమ్మి, ఇంకో పదినిమిషాలు అక్కడే ఉండిపోవాలనుకుంది.

ఫోన్ మోగింది.

“చేరాను పిన్నిగారూ,” అంది విజయలక్ష్మి. అంతే. పెట్టేసింది.

రాజ్యమ్మ కళ్ళజోడు సరిచేసుకుని, రెండో వరస చివరి గడిలో, పెన్సిలు గట్టిగా నొక్కి టిక్కు పెట్టింది. పై వరస చివరి గడి మీద ఒకసారి వేలితో రుద్దింది, దుమ్ము తుడిచినట్టు. పుస్తకం మూసి లేచింది.

“బస్సుకి బయల్దేరవే,” అంది. “ముందు చెప్పు, ఎక్కడికి?”

“స్కూలుకి అమ్మమ్మా.”

“ఎప్పుడొస్తావు?”

“మూడున్నరకి.”

“రా,” అంది రాజ్యమ్మ.